500 వాట్ల పెట్టెలో అసలు ఎన్ని వాట్లు? యాంప్లిఫైయర్ల కొలతల డైరీ

శనివారం – పెట్టెలు బల్ల మీదకు

పెట్టె ముందు పెద్ద అక్షరాల్లో 500 వాట్స్ అని ఉంది. వెనక్కి తిప్పితే కరెంటు వైరు పక్కన ఫ్యూజు, దాని మీద 1 ఆంపియర్ అని ఉంది. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. ఆ ఫ్యూజు గుండా నిలకడగా పోగలిగేది, అటూ ఇటూగా, 230 వాట్లు. లోపలికి 230 పోయి బయటికి 500 వస్తుందంటే రాష్ట్రంలో ఇక కరెంటు కొరతే ఉండకూడదు.

ఈ గొడవంతా మా కాలనీ వినాయక మండపం వల్ల వచ్చింది. ఏటా మైకు సెట్టు అద్దెకు తెస్తాం. ఈసారి సొంతంగా కొందామని సెక్రటరీ గారికి పట్టుదల. “తమ్ముడూ, ఆన్‌లైన్‌లో 400 వాట్లది పదిహేను వందలకే దొరుకుతోంది. అద్దె డబ్బుల్లోనే వచ్చేస్తుంది కదా?” అన్నారు. “అన్నా, కొనేముందు ఒకసారి కొలిచి చూద్దాం” అన్నాను. ఆయన కొలవడమేంటి అన్నట్టు చూశారు గానీ కాదనలేదు. తన బావమరిది నిరుడు కోఠిలో కొన్న 500 వాట్ల పెట్టెను తెచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్ళారు.

కొలవాల్సినవి ఇవి. ఆన్‌లైన్‌లో తెప్పించిన అరచేతి సైజు బ్లూటూత్ ఆంప్ ఒకటి, “200 + 200 వాట్స్” అని దాని ప్రకటన. టీపీఏ 3116 చిప్పున్న పచ్చ రంగు క్లాస్ డీ (సెకనుకు లక్షలసార్లు స్విచ్ వేసి తీస్తూ నడిచే రకం) బోర్డు ఒకటి, అమ్మేవాళ్ళు చెప్పేది 50 + 50. ఇనప డబ్బాలో 500 వాట్ల పెద్దన్న. నా డ్రాయర్‌లో ఎప్పటినుంచో పడి ఉన్న 4440 బోర్డు. ఇలాంటి బోర్డును “100 వాట్స్” అని అమ్ముతారు. బ్రాండ్ల పేర్లు రాయను. ఒకే బోర్డు నాలుగు పేర్లతో నాలుగు డబ్బాల్లో దొరికే బజారులో పేరు చెప్పి ప్రయోజనం లేదు.

ఆదివారం – కోఠి, డమ్మీ లోడ్

స్పీకర్ పెట్టి వాట్లు కొలవడం కుదరదు. 8 ఓమ్‌ల స్పీకర్ ఒక ఫ్రీక్వెన్సీలో 6 ఓమ్‌లు, ఇంకో చోట 30 ఓమ్‌లు చూపిస్తుంది. పైగా 40 వాట్ల దగ్గర 1 కిలోహెర్ట్జ్ కూత పెడితే పక్క ఫ్లాటువాళ్ళు ఊరుకోరు. అందుకే స్పీకర్ బదులు రెసిస్టర్ పెట్టాలి. దాన్నే డమ్మీ లోడ్ అంటారు.

మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి గుజరాతీ గల్లీకి నడిచాను. అల్యూమినియం తొడుగున్న 8 ఓమ్‌ల, 100 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్లు నాలుగు అడిగితే అబ్బాయి లోపలికి వెళ్ళి అట్టపెట్టె దులిపి తెచ్చాడు. అవి విడిగా ఉంటే 100 వాట్లు తట్టుకోవు. పెద్ద లోహపు పలకకు బిగిస్తేనే ఆ రేటింగ్. వాట్ల మాట వచ్చింది కదా అని పక్కనే పేర్చి ఉన్న ఆంప్ డబ్బాలు చూపించి “ఇందులో ఒరిజినల్ వాట్లు ఎన్నన్నా?” అని అడిగాను. “లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చూసి చెప్పాలె సార్. డబ్బా మీది నంబర్ ప్రింటింగోడు ఏసిండు” అన్నాడు. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ రెండు వాక్యాల్లో ఉంది.

ఇంటికి వచ్చాక నాలుగింటినీ పాత అల్యూమినియం పలకకు థర్మల్ పేస్టు రాసి బిగించాను. చానెల్‌కు ఒకటి పెడితే 8 ఓమ్‌లు, రెండు పక్కపక్కన (సమాంతరంగా) కలిపితే 4 ఓమ్‌లు. మల్టీమీటర్ 8.4 అని చూపించింది. దాని రెండు తీగల కొనలనూ ఒకదానికొకటి ఆనిస్తేనే 0.3 చూపిస్తోంది కాబట్టి అసలు విలువ 8.1. తక్కువ ఓమ్‌లు కొలిచేటప్పుడు ఈ 0.3ను తీసేయకపోతే లెక్క అక్కడే తప్పుతుంది.

సోమవారం రాత్రి – వోల్టులు కొలిచే పద్ధతి

సూత్రం చిన్నది. లోడ్ మీద వోల్టులను వర్గం చేసి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు. ఆ వోల్టులు కొలవడంలోనే తంటా అంతా. చవక మల్టీమీటర్లు 50 హెర్ట్జ్ కరెంటు కోసం చేసినవి. ఒకే స్థాయి సిగ్నల్‌ను 50 హెర్ట్జ్‌లోను, 1 కిలోహెర్ట్జ్‌లోను ఇచ్చి చూస్తే నా పాత మీటర్ రెండోసారి బాగా తక్కువ చూపించింది. దాన్ని పక్కన పెట్టి, తరంగాన్ని తెర మీద గీసి చూపే ఆసిల్లోస్కోప్ మీదే ఆధారపడ్డాను. తరంగం కింది కొన నుంచి పై కొన దాకా ఉన్న వోల్టులను 2.83తో భాగిస్తే మనకు కావలసిన ఆర్‌ఎంఎస్ వోల్టులు, అంటే వాట్ల లెక్కకు పనికొచ్చే ఒక రకం సగటు, వస్తాయి.

స్కోప్ బ్యాటరీతో నడిచే చేతి రకానిది. కావాలనే అది తీసుకున్నాను. ఈ చిన్న ఆంపుల్లో చాలావరకు బ్రిడ్జ్ ఔట్‌పుట్ ఉంటుంది. అంటే స్పీకర్‌కు పోయే రెండు తీగల్లో ఏదీ గ్రౌండ్ కాదు. కరెంటుతో నడిచే స్కోప్ క్లిప్పు లోపల ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఆంప్ నెగటివ్ కూడా ఎక్కడో ఒకచోట, లాప్‌టాప్ ఆడియో వైరు ద్వారానైనా, ఎర్త్‌కు తగిలి ఉంటే ఆ క్లిప్పు పెట్టగానే ఔట్‌పుట్ షార్ట్ అయి చిప్పు పోతుంది. ఇది చదివి ఎవరైనా ఇంట్లో ప్రయత్నిస్తే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ స్కోప్‌ను కూడా చార్జర్ తీసేసి వాడండి.

క్లాస్ డీ బోర్డుకు ఇంకో చిక్కుంది. దాని ఔట్‌పుట్‌లో వందల కిలోహెర్ట్జ్ స్విచింగ్ రొద కొంత మిగిలి ఉంటుంది. తెర మీద గీత సన్నగా కాకుండా బొద్దుగా, నూగు పట్టినట్టు కనిపిస్తుంది. స్కోప్ ముందు 1 కిలోఓమ్ రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే దాదాపు 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా తగ్గిపోతుంది, 1 కిలోహెర్ట్జ్ కొలతకు తేడా రాదు.

అన్నిటికీ ఒకటే నియమం. ఫోన్ నుంచి 1 కిలోహెర్ట్జ్ సైన్ తరంగం, రెండు చానెళ్ళూ కలిపి నడవాలి, తరంగం తల చదునెక్కడం మొదలవగానే ఒక్క పిసరు తగ్గించి అక్కడ రాసుకోవాలి. ఆ పైన సౌండ్ పగులుతుంది. పగిలిన సౌండుకు వాట్లు ఎక్కువే వస్తాయి. తరంగం పూర్తిగా చతురస్రం అయిపోతే అదే ఎత్తుకు రెట్టింపు వాట్లు. ఆ వాట్లతో స్పీకర్ కాయిల్ వేడెక్కుతుంది తప్ప భజన బాగుండదు.

బుధవారం – చిన్న పెట్టె

పెట్టెతో పాటు వచ్చిన అడాప్టర్ మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. గుణిస్తే 24 వాట్లు. ప్రకటన చూస్తే 400. కొలత ఇక్కడితోనే ఆపేయొచ్చు, కానీ మొదలుపెట్టాక ఎలా ఆపుతాం.

నాలుగు స్క్రూలు విప్పితే లోపల టీడీఏ 7297. మంచి చిప్పే. డేటాషీట్ (చిప్పు తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ప్రకారం 16.5 వోల్టులు ఇచ్చి, 8 ఓమ్‌ల మీద, 10 శాతం డిస్టార్షన్, అంటే తరంగం రూపు చెడడం, ఒప్పుకుంటే చానెల్‌కు 15 వాట్లు. మనం ఇచ్చేది 12 వోల్టులే. బ్రిడ్జ్ కాబట్టి ఆ 12లో చిప్పు తన కోసం రెండు, రెండున్నర మింగేసి మిగతాది బయటికి ఇస్తుంది. స్కోప్‌లో తల చదునెక్కే చోట శిఖరం 9.6 వోల్టులు. ఆర్‌ఎంఎస్‌లో 6.8. లెక్కేస్తే చానెల్‌కు 5.7 వాట్లు, రెండూ కలిపి పదకొండున్నర.

రెండు చానెళ్ళకూ 4 ఓమ్‌లు తగిలించి వాల్యూం పెంచాను. సగం తిప్పేసరికి ముందున్న నీలం లైటు ఆరింది, వెలిగింది, మళ్ళీ ఆరింది. లోడ్ దగ్గర తరంగం ఒక క్షణం కనిపించి మాయమవుతోంది. అడాప్టర్ 2 ఆంపియర్ల గీత దాటగానే తనను తాను ఆపుకుంటోంది, భారం పోగానే మళ్ళీ లేస్తోంది. పాట పెడితే ప్రతి డోలు దెబ్బకూ బ్లూటూత్ తెగి “కనెక్టెడ్” అని ఆడగొంతు పలుకుతోంది. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు.

4440 బోర్డు గురించి పెద్దగా చెప్పడానికి ఏం లేదు. 12 వోల్టుల మీద, 4 ఓమ్‌లకు, చానెల్‌కు మూడున్నర వాట్లు వచ్చింది. ఎల్ఏ 4440 డేటాషీట్ చెప్పేదే 13.2 వోల్టుల దగ్గర చానెల్‌కు 6 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 19. ఆ చిప్పు ఎన్నడూ అబద్ధం ఆడలేదు. దాని మీద స్టిక్కర్ అంటించినవాళ్ళే ఆడారు.

శుక్రవారం – పచ్చ బోర్డు

టీపీఏ 3116 డేటాషీట్‌లో 50 + 50 అన్నది 21 వోల్టులు, 4 ఓమ్‌లు, 10 శాతం డిస్టార్షన్ దగ్గరి మాట. చిప్పు 26 వోల్టుల దాకా నడుస్తుంది. ముందు పాత లాప్‌టాప్ చార్జర్ తగిలించాను. 19 వోల్టులు, 4.74 ఆంపియర్లు, అంటే 90 వాట్లు. 8 ఓమ్‌ల మీద చానెల్‌కు 20 వాట్లు, తరంగం శుభ్రంగా ఉంది. 4 ఓమ్‌ల మీద చానెల్‌కు 37. రెండూ కలిపి 74 వాట్లు బయటికి పోతుంటే చార్జర్ దాదాపు తన శక్తంతా పెట్టేస్తోంది. చెయ్యి పెడితే నిలవడం లేదు.

తర్వాత 24 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై). 8 ఓమ్‌లకు 31 వాట్లు, రెండు చానెళ్ళూ కలిపినా ఇబ్బంది లేదు. 4 ఓమ్‌లకు ఒక చానెల్ ఒక్కటే నడిపితే 57 వాట్లు. రెండూ కలిపితే 120 వాట్ల సప్లై చాలక వోల్టులు జారిపోయాయి. ఒక్క చానెల్‌నే అదే స్థాయిలో అలాగే వదిలేస్తే, చిప్పు మీద అతికించిన వేలెడంత హీట్‌సింక్ వేడిని బయటికి పంపలేక కాసేపటికి ఆగిపోయింది. చల్లారాక దానంతటదే మొదలైంది. వేడి రక్షణ సరిగ్గానే పనిచేస్తోందన్నమాట.

అంటే ఈ బోర్డు చెప్పిన 50 నిజమే, కాకపోతే షరతులతో. వోల్టులు సరిపడా ఇవ్వాలి, 4 ఓమ్‌లు ఉండాలి, కాసేపటికి మించి అడగకూడదు. బజారులో ఇంతమాత్రం నిజం చెప్పేవి తక్కువ. నా మార్కులు దీనికే.

ఆదివారం – పెద్దన్న

మూత తీస్తే లోపల 5200, 1943 ట్రాన్సిస్టర్ జతలు, 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్. దాని మీద 5 ఆంపియర్లు అని పెన్నుతో రాసి ఉంది. అది నిజమైతే 48 వోల్టులను 5 ఆంపియర్లతో గుణించి 240 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). ఆ సైజు ఈఐ కోర్ (ఇనప రేకులు పేర్చిన) ట్రాన్స్‌ఫార్మర్ మూడు కిలోలు దాటాలి. దీన్ని విప్పి కింద కిరాణా కొట్లో తూకం వేయించాను. ఒకటి ముప్పావు కిలో. షాపాయన కూరగాయల తూకంలో దీన్ని పెట్టినందుకు అదోలా చూశాడు. ఆ బరువుకు నూరు, నూట ఇరవై వీఏ కంటే ఎక్కువ ఆశించకూడదు.

కొలతలూ అదే చెప్పాయి. భారం లేనప్పుడు సప్లై ప్లస్ 33, మైనస్ 33 వోల్టులు. 8 ఓమ్‌ల మీద ఒక్క చానెల్ నడిపితే 39 వాట్లు. రెండోది కూడా కలిపేసరికి సప్లై 27కి కుంగింది, చానెల్‌కు 34 వాట్లే మిగిలాయి. ఆ సమయంలో గోడ సాకెట్ దగ్గర పెట్టిన వాట్ మీటర్ 118 చూపించింది. 118 తిని 68 ఇస్తోంది, మిగతాది వేడి. తెర మీద ఇంకో చిత్రం. చదునైన తల నిలకడగా లేదు, పైకీ కిందికీ ఊగుతోంది. అది 100 హెర్ట్జ్ రిపుల్. ఇంత భారానికి ఆ కెపాసిటర్లు చాలక సప్లై సెకనుకు వందసార్లు ఎగిరిపడుతోంది, దాంతో పాటు తరంగం తలా ఊగుతోంది. చెవికి అదే గుర్రుమనే బొంగురు.

4 ఓమ్‌ల మీద ఒక్క చానెల్ 63 వాట్లు ఇచ్చింది. ఇది పనికిమాలిన ఆంప్ కాదు, ఒప్పుకోవాలి. రెండు చానెళ్ళూ 4 ఓమ్‌ల మీద పెట్టి పూర్తిగా తిప్పితే కాసేపటికి ఫ్యూజు ఎగిరింది. ఆ 1 ఆంపియర్ ఊరికే రాసింది కాదు.

సోమవారం – 400 ఎక్కడి నుంచి వచ్చింది

చిన్న పెట్టె 400 వాట్లను వెనక్కి లెక్కేసి చూశాను. నిజంగా వచ్చింది చానెల్‌కు ఆరు వాట్లు అనుకుందాం. 10 శాతం డిస్టార్షన్‌కు ఒప్పుకుంటే పావు వంతు పెరిగి ఏడున్నర. 8 ఓమ్‌ల బదులు 4 అనుకుంటే, సప్లై కుంగదని కలగంటే, పదిహేను. 12 వోల్టులకు బదులు చిప్పు భరించగలిగే గరిష్ఠం 18 ఇచ్చామనుకుంటే రెండుంపావు రెట్లు, 34. సగటు వాట్లు మానేసి తరంగం శిఖరం దగ్గరి వాట్లు చెబితే రెట్టింపు, 68. రెండు చానెళ్ళు కూడితే 136. ఇంతవరకు ఏదో ఒక లెక్క ఉంది. 136 నుంచి 400కి చేరడానికి మాత్రం పెన్ను ఒక్కటే దారి.

ఇది కొత్త విద్య కాదు. 90లలో చేతిలో పట్టుకెళ్ళే టూ ఇన్ వన్‌ల మీద 1000 వాట్స్ పీఎంపీఓ (ఒక్క క్షణం వచ్చే శిఖరం వాట్లట) అని ఉండేది, ఆరు పెద్ద బ్యాటరీలతో నడిచేవి అవి. అమెరికాలో ఇలాంటి ప్రకటనల బెడద పడలేక అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నియమం తెచ్చింది. వాట్లు చెబితే ఎన్ని ఓమ్‌లకు, ఏ ఫ్రీక్వెన్సీల మధ్య, ఎంత డిస్టార్షన్‌తో అన్నది కూడా చెప్పాలని. అంతకంటే ముఖ్యం, కొలిచే ముందు ఆంప్‌ను చెప్పిన వాట్లలో మూడో వంతు దగ్గర గంటసేపు నడపాలన్న షరతు. కంపెనీలకు అది మింగుడుపడలేదు, 2000లో ఎనిమిదో వంతుకు తగ్గించారు.

మూడో వంతు ఎందుకంత కష్టమో పెద్దన్నతోనే చూశాను. చానెల్‌కు 13 వాట్లు పెట్టి వదిలేశాను. పెద్దన్న లాంటి క్లాస్ ఏబీ రకం ఆంప్ ఎక్కువగా కాలేది పూర్తి వాల్యూంలో కాదు, గరిష్ఠంలో 40 శాతం ప్రాంతంలో. అప్పుడు సప్లై వోల్టుల్లో చాలా భాగం ట్రాన్సిస్టర్ల మీదే పడుతుంది. మా పెట్టెలో పూర్తి వాల్యూం కంటే ఇక్కడే హీట్‌సింక్ వేడి ఎక్కింది. ముప్పావు గంటకు 88 డిగ్రీలు దాటి ఇంకా పైకే పోతోంది, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వార్నిష్ వాసన మొదలైంది. ఆపేశాను. బావమరిది గారి పెట్టె అది.

బుధవారం – మండపానికి ఏది

సెక్రటరీ గారు వచ్చి కాగితం చూసి, “అంటే 500 అన్నది 68, 400 అన్నది 11. మండపానికి ఎన్ని కావాలి మరి?” అన్నారు. సరైన ప్రశ్న. వాట్లు రెట్టింపు చేస్తే చెవికి పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. 34 వాట్లకూ 68 వాట్లకూ తేడా, వాల్యూం కొంచెం తిప్పినంత. అసలు బేరం స్పీకర్ దగ్గర ఉంది. ఇంట్లో వాడే స్పీకర్ 1 వాట్‌కు, 1 మీటర్ దూరంలో 88 డెసిబెల్ ఇస్తుంది. మైకు సెట్టువాళ్ళ పీఏ బాక్సు 97 ఇస్తుంది. ఆ 9 డెసిబెల్ అంటే ఎనిమిది రెట్ల వాట్లు. పీఏ బాక్సుకు ఇచ్చే 5 వాట్లు ఇంటి స్పీకర్‌కు ఇచ్చే 40తో సమానం. కాబట్టి డబ్బులు ఆంప్ మీద కాక బాక్సుల మీద పెట్టాలి. ఎలాగూ రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ పెట్టనివ్వరు, నివాస ప్రాంతంలో పగటి పరిమితే 55 డెసిబెల్.

చివరికి పచ్చ బోర్డు, 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్, 8 ఓమ్‌ల పీఏ బాక్సులు రెండు అని తేలింది. చిన్న హీట్‌సింక్ పీకేసి పాత కంప్యూటర్ ప్రాసెసర్‌ది బిగించాను. ఎనిమిదో వంతు దగ్గర గంట నడిపితే 46 డిగ్రీల దగ్గర నిలిచింది. స్టీలు డబ్బాకు స్టిక్కర్ కూడా నేనే రాశాను: “30 + 30 వాట్లు, 8 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, రెండు చానెళ్ళూ కలిపి, 24 వోల్టుల సప్లై.”

“ఇది చూస్తే కమిటీవాళ్ళు ఇంతేనా అంటారు తమ్ముడూ, 300 అని రాయొచ్చు కదా” అన్నారు సెక్రటరీ గారు. రాయనన్నాను. మిగిలిన పని మైకు ప్రీఆంప్. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు, ఈ బోర్డుకు దాదాపు ఒక వోల్టు కావాలి. దానికోసం మళ్ళీ కోఠి వెళ్ళాలి.